హీమోగ్లోబిన్‌లో కాంటాక్టులు లెక్కపెట్టిన 47 రోజులు: నా అనుభవం

జూన్ 3న మొదలుపెట్టిన పని జులై 19 సాయంత్రానికి ముగిసింది. చెప్పుకోవడానికి చాలా చిన్న పని. ఒక ప్రోటీన్‌లో ఏ అమైనో ఆమ్లం ఏ అమైనో ఆమ్లాన్ని తాకుతోందో చూసి జాబితా రాయడం, అంతే. పేపర్లలో దీనికి ఒకే ఒక్క వాక్యం ఉంటుంది: "4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉన్న రెసిడ్యూలను కాంటాక్టులుగా తీసుకున్నాం" అని. (రెసిడ్యూ అంటే ప్రోటీన్ గొలుసులో ఒక అమైనో ఆమ్లం, ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటర్‌లో వెయ్యి కోట్లవ వంతు.) నేనూ ఆ వాక్యాన్ని ఎన్నోసార్లు చదివి, ఆగకుండా ముందుకు వెళ్లిపోయాను. ఇప్పుడు ఆ ఒక్క వాక్యం రాయడానికి నాకు 47 రోజులు పట్టింది కాబట్టి, ఈ పని మొదలుపెట్టబోతున్నవాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. డబ్బు ఖర్చేమీ లేదు, నిర్మాణాల ఫైళ్లు ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో ఉచితంగా దొరుకుతాయి, పైథాన్, అందులో ప్రోటీన్ ఫైళ్లు చదివే లైబ్రరీ బయోపైథాన్ కూడా ఉచితమే. ఖర్చయిందల్లా రోజులు, నిద్ర, కాస్త ధైర్యం.

నా అసలు ప్రోటీన్ వేరే. దాని జోలికి వెళ్లే ముందు మా గైడ్ మేడమ్ ఒక షరతు పెట్టారు. "ముందు జవాబు తెలిసిన లెక్క చెయ్యి. హీమోగ్లోబిన్ తీసుకో, ఆక్సిజన్ లేనిది ఒకటి, ఉన్నది ఒకటి. రెండింటి మధ్య ఏ కాంటాక్టులు తెగాయో, ఏవి కొత్తగా ఏర్పడ్డాయో చెప్పు. హీమోగ్లోబిన్ నిర్మాణం కనిపెట్టిన మాక్స్ పెరుట్జ్ 1970లోనే ముఖ్యమైనవన్నీ రాసేశాడు. నీ స్క్రిప్ట్‌కి అవి దొరికితే అప్పుడు నీ ప్రోటీన్ గురించి అది చెప్పేది నమ్ముదాం" అన్నారు. పది రోజుల పని అనుకున్నాను. ఆవిడతో కూడా పది రోజులనే చెప్పాను.

తీసుకున్న ఫైళ్లు రెండు. ఆక్సిజన్ లేనిదానికి 4హెచ్‌హెచ్‌బి, 1.74 ఆంగ్‌స్ట్రామ్ రిజల్యూషన్ (ఎంత సూక్ష్మంగా కనిపిస్తుందన్న కొలత, చిన్నదైతే మేలు). ఆక్సిజన్ ఉన్నదానికి 1హెచ్‌హెచ్‌ఓ, 2.1 ఆంగ్‌స్ట్రామ్. మొదటిదాంట్లో నాలుగు చైన్లు, అంటే అమైనో ఆమ్లాల గొలుసులు: ఎ, సి అనేవి ఆల్ఫా, ఒక్కోదాంట్లో 141 రెసిడ్యూలు, బి, డి అనేవి బీటా, ఒక్కోదాంట్లో 146. మొత్తం 574. రెండో ఫైల్ గురించి ఇక్కడ ఏమీ చెప్పను, దాని కథ వస్తుంది.

మొదటి రోజు ఫైల్‌ని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూశాను. వరసకి ఒక పరమాణువు, దాని పేరు, రెసిడ్యూ పేరు, చైన్ అక్షరం, సంఖ్య, ఆ తర్వాత మూడు కోఆర్డినేట్లు. ఖాళీలు చూసుకుని ముక్కలు చేస్తే సరిపోతుందని నాకు నేనే ఒక చిన్న కోడ్ రాసుకున్నాను. ఈ పాత ఫార్మాట్‌లో ఖాళీలకి విలువ లేదు, గడుల లెక్కే ఉంటుంది. చైన్ అక్షరం 22వ గడిలో, రెసిడ్యూ సంఖ్య 23 నుంచి 26 వరకు, మొదటి కోఆర్డినేట్ 31 నుంచి 38 వరకు, ఇలా. మైనస్ వందలు దాటిన కోఆర్డినేట్లు పక్కపక్కన వస్తే మధ్యలో ఖాళీయే ఉండదు, రెండు సంఖ్యలు అతుక్కుపోతాయి. పరీక్ష కోసం తీసుకున్న వేరే పెద్ద ఫైల్‌తో ఆ సంగతి తెలిసి, సొంత కోడ్ పక్కన పడేసి బయోపైథాన్‌కి మారిపోయాను. అక్కడికి జూన్ 5 అయింది.

తర్వాత వచ్చింది అసలు ప్రశ్న. తాకడం అంటే ఏమిటి? ఫైల్‌లో కాంటాక్ట్ అనేది ఎక్కడా రాసి ఉండదు. పరమాణువుల స్థానాలు మాత్రమే ఉంటాయి, తాకుతున్నాయా లేదా అన్నది మనం గీసుకునే గీత. నేను మొదట పట్టుకున్నది బీటా కార్బన్ల పద్ధతి. ప్రతి రెసిడ్యూకి ఒక బీటా కార్బన్ (గొలుసు నుంచి పక్కకి వచ్చే కొమ్మలో, అంటే సైడ్ చైన్‌లో, మొదటి కార్బన్) తీసుకుని, రెండింటి మధ్య దూరం 8 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే కాంటాక్ట్ అనడం. నిర్మాణాలను ఊహించే పోటీల్లో వాడే కొలత ఇదే, అందుకే నమ్మకంగా అనిపించింది. రన్ చేశాను, వెంటనే ఆగిపోయింది. ఆల్ఫా చైన్‌లో 15వ రెసిడ్యూ గ్లైసిన్. గ్లైసిన్‌కి బీటా కార్బన్ ఉండదు. ఇది డిగ్రీ మొదటి ఏడాదిలో చదువుకున్న విషయమే, తెలియక కాదు, కానీ తెలిసిన విషయం కోడ్‌లోకి దానంతట అది రాదని ఆ రోజు అర్థమైంది. గ్లైసిన్ అయితే ఆల్ఫా కార్బన్ (గొలుసులోనే ఉండే కార్బన్) తీసుకో అని ఒక లైన్ చేర్చాక నడిచింది.

బీటా కార్బన్ పద్ధతితో బొమ్మ మాత్రం అద్భుతంగా వచ్చింది. అడ్డంగా రెసిడ్యూ సంఖ్యలు, నిలువుగా అవే సంఖ్యలు, తాకిన చోట ఒక నల్ల చుక్క. హీమోగ్లోబిన్‌లో బీటా షీట్లు (పక్కపక్కన పరుచుకున్న పట్టీలు) లేవు, ఉన్నవన్నీ హెలిక్సులే (స్ప్రింగులా చుట్టుకున్న ముక్కలు), అందుకని కర్ణం పొడవునా ఒక మందపాటి పట్టీ వచ్చింది, ప్రతి రెసిడ్యూ తన తర్వాత మూడోదాన్నీ నాలుగోదాన్నీ తాకుతూ ఉండటం వల్ల. పట్టీ సన్నబడిన చోట హెలిక్స్ అయిపోయి మలుపు వచ్చిందని అర్థం. కర్ణానికి దూరంగా, చైన్ చివరి వైపు, పట్టీకి అడ్డంగా చుక్కచుక్కగా ఒక గీత కనబడింది. కాసేపు అదేమిటో తెలియలేదు. జి, హెచ్ అనే హెలిక్సులు ఒకదానికొకటి ఎదురు దిశల్లో పక్కపక్కన పడుకుని ఉంటాయి కదా, అది ఆ గీత. చుక్కల మధ్య ఖాళీలు ఎందుకంటే హెలిక్స్ తిరిగేటప్పుడు మూడు నాలుగు రెసిడ్యూలకి ఒకసారి మాత్రమే ఒకే ముఖం అవతలి హెలిక్స్ వైపు వస్తుంది. త్రీడీలో ఎన్నోసార్లు తిప్పి చూసిన ప్రోటీన్ ఒక కాగితం మీద చుక్కలుగా పరుచుకుని, అందులో నాకు హెలిక్సులు చదవడం వచ్చిన ఆ అరగంట నాకు ఈ 47 రోజుల్లో బాగా ఇష్టమైన అరగంటల్లో ఒకటి.

కానీ మేడమ్ అడిగిన ప్రశ్నకి ఆ పద్ధతి సరిపోదు. లైసిన్, ఆర్జినిన్ లాంటివాటి సైడ్ చైన్లు పొడవు. వాటి కొసలు అవతలి చైన్‌ని గట్టిగా పట్టుకుని ఉన్నా బీటా కార్బన్లు మాత్రం ఎడంగానే ఉండిపోవచ్చు. ఇటు చూస్తే, 8 లోపు ఉన్నా సైడ్ చైన్లు ఒకదానికొకటి వీపు తిప్పుకుని ఏ సంబంధమూ లేకుండా ఉన్న జంటలు కూడా ఉన్నాయి. అందుకని జూన్ 10న పద్ధతి మార్చాను. హైడ్రోజన్లు కాని పరమాణువులన్నీ తీసుకుని, ఏ రెండు పరమాణువుల మధ్యనైనా 4.5 లోపు దూరం ఉంటే ఆ రెసిడ్యూలు తాకినట్టు. ఎక్స్‌రే నిర్మాణాల్లో హైడ్రోజన్లు మామూలుగా ఉండవు కాబట్టి అదేమీ ఇబ్బంది కాలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. 4హెచ్‌హెచ్‌బిలో ప్రోటీన్ పరమాణువులే 4,384. ప్రతి జంటా చూడాలంటే 96 లక్షలకు పైగా దూరాలు. మామూలు లూప్‌లో నిమిషాలు పడుతోంది. దగ్గరి పరమాణువులనే వెతికే పద్ధతి బయోపైథాన్‌లో ముందే ఉంది, నైబర్ సెర్చ్ అని, దాంతో కళ్లు మూసి తెరిచేలోపు అయిపోయింది. నేను లూప్‌ని వేగవంతం చెయ్యడానికి రెండు రోజులు కూర్చున్నాను, మీరు కూర్చోకండి. ఇంకోటి, మొదటి జాబితాలో కాంటాక్టుల్లో నీళ్లు కూడా వచ్చాయి. స్ఫటికంలో దొరికిన ప్రతి నీటి అణువుకీ ఒక రెసిడ్యూ సంఖ్య ఉంటుంది, హీమ్‌కి (ఆక్సిజన్‌ని పట్టుకునే, ఇనుము ఉన్న భాగం) కూడా ఉంటుంది. నీళ్లు తీసేశాను, హీమ్‌ని వేరే జాబితాలో పెట్టుకున్నాను.

జూన్ 14 రాత్రి పదకొండున్నరకి రెండు ఫైళ్ల ఫలితాలూ పక్కపక్కన పెట్టాను. ఆక్సిజన్ లేనిదాంట్లో ఎ చైన్‌కీ డి చైన్‌కీ మధ్య చక్కటి జాబితా ఉంది. ఆక్సిజన్ ఉన్నదాంట్లో సున్నా. ఒక్క కాంటాక్ట్ కూడా లేదు. ఆక్సిజన్ రాగానే ఆ సరిహద్దు మొత్తం విడిపోయిందన్నమాట అనుకున్నాను. గుండె వేగంగా కొట్టుకుంది. పెరుట్జ్ కొన్ని బంధాలు తెగుతాయన్నాడు, ఇక్కడేమో అన్నీ తెగాయి, అయితే నా దగ్గర ఏదో ఉంది అని నిజంగా నమ్మాను. ఆ రాత్రే మేడమ్‌కి పెద్ద మెయిల్ రాశాను, బొమ్మలతో సహా. పంపాక నిద్ర పట్టలేదు. ఆవిడ అప్పుడు ప్రయాణంలో ఉన్నారు, జవాబు జూన్ 18న వచ్చింది. నాలుగు రోజులు మెయిల్ తెరుస్తూ మూస్తూ గడిపాను. వచ్చిన జవాబు ఒకే లైన్: "ఆ ఫైల్‌లో చైన్లు ఎన్ని ఉన్నాయి?"

రెండు. ఎ, బి. అంతే. డి అనే చైనే లేదు.

లేని చైన్‌ని అడిగితే స్క్రిప్ట్ తప్పు చూపించి ఆగిపోవాలి. కానీ ఎక్కడా ఆగకూడదని, ఏమీ దొరక్కపోతే ఖాళీ జాబితా ఇచ్చెయ్యమని రాసుకున్నది నేనే. ఖాళీ జాబితా పొడవు సున్నా. ఆ సున్నాకి నేను జీవశాస్త్రం అర్థం కట్టాను. ఆ రోజు చాలా బాధపడ్డాను, సిగ్గు కంటే ఎక్కువగా భయం వేసింది. నా అసలు ప్రోటీన్‌కి జవాబు ఎవరికీ తెలియదు, అక్కడ ఇలాంటి సున్నా వస్తే ఎవరు పట్టుకుంటారు?

సంగతేమిటంటే, ఫైల్‌లో ఉండేది స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే కనీస ముక్క మాత్రమే. 1హెచ్‌హెచ్‌ఓలో ఆ ముక్క సగం హీమోగ్లోబిన్, ఒక ఆల్ఫా, ఒక బీటా. మిగతా సగాన్ని సిమెట్రీతో మనం తయారు చేసుకోవాలి. ఎలా తిప్పాలో ఫైల్ పైభాగంలో రిమార్క్ 350 దగ్గర రాసి ఉంటుంది. పూర్తి అసెంబ్లీని, అంటే నాలుగు చైన్లూ ఉన్న మొత్తం ప్రోటీన్‌ని, డేటా బ్యాంకే విడిగా ఇస్తుందని తెలిసి, హమ్మయ్య అనుకుని దాన్ని దించుకున్నాను. రన్ చేశాను. మళ్లీ సున్నా.

ఈసారి మెయిల్ రాయలేదు. ఫైల్‌ని పై నుంచి కింద దాకా చదివాను. పాత ఫార్మాట్ అసెంబ్లీ ఫైల్‌లో రెండో సగం మోడల్ 2 అనే పేరుతో వస్తుంది, అందులోని చైన్లకి కూడా మళ్లీ ఎ, బి అనే పేర్లే. నా స్క్రిప్ట్ మోడల్ 1 మాత్రమే చదువుతోంది. ఎన్‌ఎమ్‌ఆర్ అనే వేరే పద్ధతితో కనుక్కున్న నిర్మాణాల్లో ఒకే ప్రోటీన్‌కి తరచూ ఇరవై మోడళ్లు ఉంటాయి, వాటిలో మొదటిది తీసుకుంటే చాలు అని ఎక్కడో చదివి అలా పెట్టుకున్నాను. ఒక చోట సరైన అలవాటు ఇంకో చోట సగం ప్రోటీన్‌ని మింగేసింది. దీన్ని కనుక్కోవడానికి మూడు రోజులు పట్టింది, అది కూడా మా ల్యాబ్‌లో సీనియర్ అక్క నా వెనక నిలబడి "పైమాల్‌లో తెరిచి చూశావా? ఎంత ప్రోటీన్ కనిపిస్తోందో చూడు ముందు" అంటే. పైమాల్ ప్రోటీన్‌ని త్రీడీలో చూపించే ప్రోగ్రామ్, పది సెకన్లలో కనిపించేది. నేను అప్పటిదాకా సంఖ్యలే చూస్తున్నాను, ప్రోటీన్‌ని చూడలేదు.

ఎమ్‌ఎమ్‌సిఫ్ అనే కొత్త ఫార్మాట్‌లో అసెంబ్లీ దించుకుంటే రెండో కాపీ చైన్లకి ఎ-2, బి-2 అని వేరే పేర్లు వస్తాయి, గొడవ ఉండదు. అయినా రిమార్క్ 350లోని మ్యాట్రిక్స్ (ఎలా తిప్పాలో చెప్పే సంఖ్యల పట్టిక) తీసుకుని నా అంతట నేను కూడా రెండో సగాన్ని తయారు చేసి, రెండూ ఒకటేనని సరిచూసుకున్నాను. జూన్ 24న, మొదటి కాపీలోని ఆల్ఫాకీ రెండో కాపీలోని బీటాకీ మధ్య జాబితా వచ్చింది. జూన్ 14 నుంచి 24 దాకా, పదకొండు రోజులు, ఒక సున్నా మీద.

ఇక పెరుట్జ్ చెప్పిన బంధాలను టిక్ కొట్టుకుంటూ వెళ్లాలి. వెతకాల్సిన రెసిడ్యూల జాబితాని సీక్వెన్స్ డేటాబేస్ నుంచి కాపీ చేసి పెట్టుకున్నాను. బీటా చైన్ చివరి హిస్టిడిన్ 147, ఆస్పార్టేట్ 95 అని ఉంది. స్క్రిప్ట్ చూస్తే 147 లేదంది, 95 దగ్గర లైసిన్ ఉంది. ఈసారి కంగారు పడలేదు, సంఖ్యలే అనుమానించాను. సీక్వెన్స్ డేటాబేస్ జన్యువు నుంచి తయారయ్యే మొదటి మిథయోనిన్‌ని కూడా లెక్కేస్తుంది. శరీరంలో అది తెగిపోతుంది, నిర్మాణం ఫైల్‌లో లెక్క ఆ తర్వాత ఉన్న వేలిన్ నుంచి మొదలవుతుంది. అంతా ఒకటి తేడా. సికిల్ సెల్ జబ్బుకి కారణమైన మార్పుని కొందరు 6వ స్థానం అని, కొందరు 7వ స్థానం అని రాయడం కూడా ఇందుకే. మీ జాబితా ఎక్కడి నుంచి వచ్చినా, సంఖ్యతో పాటు రెసిడ్యూ పేరు కూడా సరిపోతోందో లేదో స్క్రిప్ట్ చేతే అడిగించండి. నాది ఇప్పుడు పేరు తేడా వస్తే అక్కడే ఆగిపోతుంది, ముందుకు వెళ్లదు.

సంఖ్యలు సరిచేశాక బీటా 146 హిస్టిడిన్‌కీ అదే చైన్‌లోని 94 ఆస్పార్టేట్‌కీ మధ్య సాల్ట్ బ్రిడ్జ్ (ధన, రుణ ఆవేశాల మధ్య ఏర్పడే బంధం) దొరికింది. ఆక్సిజన్ లేని నిర్మాణంలో ఉంది, ఉన్నదాంట్లో లేదు. ఆల్ఫా 141 ఆర్జినిన్‌కీ అవతలి ఆల్ఫాలోని 126 ఆస్పార్టేట్‌కీ మధ్య కూడా దొరికింది. కానీ ఇంకో రెండు ముఖ్యమైనవి దొరకలేదు. ఆల్ఫా 40 లైసిన్, బీటా 146 హిస్టిడిన్ జంట ఒకటి, ఆల్ఫా 127 లైసిన్, అవతలి ఆల్ఫా 141 ఆర్జినిన్ జంట ఇంకోటి. మామూలు కాంటాక్ట్ జాబితాలో ఉన్నాయి, సాల్ట్ బ్రిడ్జ్ జాబితాలో లేవు. లైసిన్, హిస్టిడిన్, ఆర్జినిన్ అన్నీ ధనావేశాల వైపువే కదా, రెండు ధనావేశాల మధ్య సాల్ట్ బ్రిడ్జ్ ఎలా వస్తుంది అని నేనే ఒక పూట తల పట్టుకున్నాను. జవాబు చైన్ కొసలో ఉంది. 141, 146 ఈ చైన్లలో ఆఖరి రెసిడ్యూలు. లైసిన్ పట్టుకున్నది వాటి సైడ్ చైన్‌ని కాదు, చైన్ చివర మిగిలిపోయిన, రుణావేశం ఉన్న కార్బాక్సిల్‌ని. నా స్క్రిప్ట్ రుణావేశం అంటే ఆస్పార్టేట్, గ్లుటామేట్ సైడ్ చైన్లలోని ఆక్సిజన్లు మాత్రమే అనుకుంటోంది. ఆఖరి రెసిడ్యూ ఆక్సిజన్లు రెండూ, మొదటి రెసిడ్యూ నైట్రోజన్ కూడా ఆవేశం ఉన్నవాటి జాబితాలో చేర్చాక, జూన్ 29న నాలుగూ వచ్చాయి. మేడమ్ ఈ ప్రోటీన్‌నే ఎందుకు ఇచ్చారో ఆ రోజు తెలిసింది. ఇందులోని ముఖ్యమైన బంధాలన్నీ సరిగ్గా తేలిగ్గా మర్చిపోయే చోట్లలోనే ఉన్నాయి.

హిస్టిడిన్ గురించి ఒక మాట. ఎక్స్‌రే బొమ్మలో నైట్రోజన్, కార్బన్, ఆక్సిజన్ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, అందుకని హిస్టిడిన్ ఉంగరం, ఆస్పరజిన్, గ్లుటమిన్ కొసలు 180 డిగ్రీలు తిరగబడి పెట్టి ఉండే అవకాశం ఉంది. తిరగబడితే నైట్రోజన్ ఉండాల్సిన చోట ఆక్సిజన్, హిస్టిడిన్‌లో అయితే కార్బన్ ఉంటుంది, మన హైడ్రోజన్ బంధాల లెక్క మారిపోతుంది. రెడ్యూస్ అనే ప్రోగ్రామ్ చుట్టుపక్కల చూసి వీటిని సరిచేస్తుంది. లెక్క మొదలుపెట్టే ముందే దాన్ని నడపాలి, నేను జులై మొదట్లో నడిపి, హైడ్రోజన్ బంధాల భాగం మళ్లీ మొదటి నుంచి చేశాను.

జులై 2న మేడమ్ తిరిగి వచ్చారు. జాబితా చూపించాను. తెగినవి ఇన్ని, కొత్తవి ఇన్ని అని గర్వంగానే చెప్పాను. ఆవిడ ఒక వరస మీద వేలు పెట్టి, "దీని దూరం ఎంత?" అన్నారు. ఆక్సిజన్ లేనిదాంట్లో 4.4 పైచిలుకు. ఉన్నదాంట్లో? 4.5 కంటే కొంచెం ఎక్కువ. "అంటే ఇది తెగిందా?" అన్నారు. నోట మాట రాలేదు. 0.1 ఆంగ్‌స్ట్రామ్ కూడా కదలని జంటని తెగినవాటిలో రాసేశాను, గీతకి ఒకటి ఇటు, ఒకటి అటు పడింది కాబట్టి. నా "తెగిన" జాబితాలో ఇలాంటివి చాలానే ఉన్నాయి.

ఈ భాగానికి తొమ్మిది రోజులు పట్టింది, కానీ ఆ తొమ్మిదిలో ఒక్కటి కూడా వృథా అనిపించలేదు. మొదట కటాఫ్‌ని 4, 4.5, 5 అని మూడుసార్లు మార్చి చూశాను, జాబితా ప్రతిసారీ మారిపోయింది, ముఖ్యంగా అంచుల దగ్గర. తర్వాత ఒక గీత బదులు రెండు గీతలు పెట్టాను. ఒక నిర్మాణంలో 4 లోపు ఉండి, రెండోదాంట్లో 5 దాటితేనే తెగింది అంటాను. మధ్యలో ఉన్నవాటిని "చెప్పలేం" అనే మూడో వరసలో పెడతాను. ఆ మూడో వరస పెట్టడానికి మనసు ఒప్పుకోలేదు ముందు, పని పూర్తికానట్టు కనిపిస్తుందని. కానీ నిజం అదే.

ఎంత తేడాని తేడా అనాలి అన్నదానికి దారి ప్రోటీన్‌లోనే దొరికింది. హీమోగ్లోబిన్‌లో ఆ ముఖ్యమైన సరిహద్దు రెండుసార్లు వస్తుంది, ఎ-డి మధ్య ఒకసారి, సి-బి మధ్య ఒకసారి. 4హెచ్‌హెచ్‌బిలో నాలుగు చైన్లూ విడివిడిగా కట్టినవే కాబట్టి, ఈ రెండు సరిహద్దులూ ఒకటే అయ్యుండాలి, అయినా దూరాలు అచ్చంగా ఒకటి కావు. ఆ రెండింటి మధ్య వచ్చిన తేడా అంటే ఆక్సిజన్‌తో సంబంధం లేని తేడా. దాని కంటే పెద్దగా మారితేనే నేను పట్టించుకుంటాను. ఇంకో పరీక్ష ఎ-బి సరిహద్దు. అది ఆక్సిజన్ వచ్చినా పెద్దగా మారదని ఎప్పుడో తెలుసు. నా పాత పద్ధతి అక్కడ కూడా బోలెడన్ని తెగినవి చూపించింది. రెండు గీతల పద్ధతి పెట్టాక అక్కడ దాదాపు నిశ్శబ్దం, ఎ-డి దగ్గర మాత్రం మార్పులు నిలబడ్డాయి. అది చూసినప్పుడు మొదటిసారి నా స్క్రిప్ట్ మీద నాకు నమ్మకం కలిగింది.

జులై 11. శుభ్రపడిన జాబితాలో రెండు వరసలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఆల్ఫా 42 టైరోసిన్, బీటా 99 ఆస్పార్టేట్: ఆక్సిజన్ లేనప్పుడు ఉంది, ఉన్నప్పుడు లేదు. ఆల్ఫా 94 ఆస్పార్టేట్, బీటా 102 ఆస్పరజిన్: లేనప్పుడు లేదు, ఉన్నప్పుడు ఉంది. ఈ రెండూ చదువుకున్నవే, పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. అయినా నా స్క్రిప్ట్ వాటిని ఎవరూ చెప్పకుండా తీసి పెట్టినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పైమాల్‌లో రెండు నిర్మాణాల్లోనూ ఒక వైపు ఆల్ఫా-బీటా జంటని ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే రెండో జంట దాదాపు 15 డిగ్రీలు తిరుగుతుంది. బీటా 97 హిస్టిడిన్‌ని దగ్గరగా పెట్టుకుని చూశాను. ఆక్సిజన్ లేనప్పుడు అది ఆల్ఫాలోని 41 థ్రియోనిన్‌కీ 44 ప్రోలిన్‌కీ మధ్య సందులో కూర్చుని ఉంది. ఆక్సిజన్ వచ్చాక 38 థ్రియోనిన్‌కీ 41 థ్రియోనిన్‌కీ మధ్య ఉంది. అంటే హెలిక్స్‌లో సరిగ్గా ఒక మెట్టు జరిగింది. మధ్యలో ఎక్కడా ఆగే చోటు లేదు, 41 అడ్డం ఉంది, ఈ గాడిలో ఉండాలి, లేదంటే ఆ గాడిలో ఉండాలి. హీమోగ్లోబిన్‌కి రెండు స్థితులు అన్న మాట ఎన్నిసార్లు చదివానో, ఎందుకు రెండే అన్నది ఆ ఒక్క హిస్టిడిన్‌ని చూసేదాకా నాకు తట్టలేదు. రెండు ఫైళ్లనీ మార్చి మార్చి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

మేడమ్ ఆ జాబితా చూసి, "సరే, ఇంకొక్కటి" అన్నారు. సికిల్ హీమోగ్లోబిన్, 2హెచ్‌బీఎస్. అందులో కాంటాక్ట్ ఒక అణువు లోపల కాదు, ఒక హీమోగ్లోబిన్‌కీ పక్క హీమోగ్లోబిన్‌కీ మధ్య. ఈసారి ముందు చైన్లు లెక్కపెట్టాను, ఎనిమిది, అంటే రెండు పూర్తి హీమోగ్లోబిన్‌లు. పైమాల్‌లో చూశాను. సిమెట్రీ కాపీలు కూడా తయారు చేసి చుట్టూ పెట్టుకున్నాను. ఆ తర్వాతే స్క్రిప్ట్ నడిపాను. బీటా 6 దగ్గర గ్లుటామేట్ బదులు వచ్చిన వేలిన్, పక్క అణువు బీటాలోని 85 ఫినైల్ అలనిన్, 88 ల్యూసిన్ మధ్య ఉన్న గుంటలోకి దూరి ఉంది. ఒక్కో హీమోగ్లోబిన్‌లో ఇలాంటి వేలిన్‌లు రెండున్నా ఒకటే ఇలా పక్క అణువుని పట్టుకుంటుంది. ఒక చిన్న సైడ్ చైన్, నాలుగైదు దగ్గరి దూరాలు, నా పట్టికలో రెండే వరసలు. ఆ రెండు వరసలు ఎంతమంది ఒంట్లో ఎంత నొప్పిగా మారతాయో తలుచుకుంటే పట్టికని వెంటనే మూసెయ్యలేకపోయాను. ఇది రెండు రోజుల్లో అయిపోయింది. జూన్‌లో అయితే రెండు వారాలు పట్టేది.

జులై 19 సాయంత్రం మొత్తం పట్టికలు, స్క్రిప్ట్, వాడిన ఫైళ్ల పేర్లు, కటాఫ్‌లు, తీసేసిన అణువుల వివరాలు అన్నీ ఒక చోట పెట్టి పంపాను. ఆవిడ మర్నాడు పొద్దున్నే "ఇక నీ ప్రోటీన్ మొదలుపెట్టు" అని రాశారు.

మొదలుపెట్టాను. దాని ఫైల్‌లో రిమార్క్ 465 కింద పన్నెండు రెసిడ్యూల పేర్లు ఉన్నాయి. అవి ప్రోటీన్‌లో ఉన్నాయి కానీ కదులుతూ ఉండటం వల్ల స్ఫటికంలో కనిపించలేదు, కోఆర్డినేట్లు లేవు. స్క్రిప్ట్ వాటికి సున్నా కాంటాక్టులు అని ఇచ్చింది. ఆ పన్నెండు వరసల్లో సున్నాలు తీసేసి, గడులు ఖాళీగా వదిలి, పక్కన "కనిపించలేదు" అని రాశాను. ఇప్పుడు పదమూడో వరస దగ్గర ఉన్నాను.